మూరెడు దూరంలో అవ్వ, జానెడు దూరంలో మీరు

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. మా అవ్వకు డెబ్బై ఎనిమిదేళ్లు. దంపుడు పాటలు, కోలాటం పాటలు, తత్వాలు వందకు పైగా నోటికి వచ్చు. అవన్నీ మంచి నాణ్యతతో రికార్డు చేసి పెట్టాలని ఉంది. నేను కూడా పిల్లల కథలు చదివి ఆడియోగా పెట్టాలనుకుంటున్నాను. 35 వేలు దాచాను. ఏటీ2020, ఏటీ2035, రోడ్ ఎన్‌టీ1 మైకులను పోల్చిన వీడియోలు నలభై దాకా చూశాను. మూడూ ఒకేలా వినిపిస్తున్నాయి. బెంగళూరులో ఉండే మా చిన్నాయన కొడుకేమో అవేవీ వద్దంటున్నాడు. మన ఇళ్లల్లో గది మోగుతుంది కాబట్టి డైనమిక్ మైకే కొనాలట, ఎస్‌ఎం7బీ తీసుకోమంటున్నాడు. మైకును లాప్‌టాప్‌కు కలిపే ఇంటర్‌ఫేస్ ఏది కొనాలో కూడా తేలడం లేదు. అసలు సమస్య ఇంకోటి ఉంది. అవ్వ మొహం ముందు ఏది పెట్టినా పాట ఆపేస్తుంది. ఫోను దగ్గరికి తెస్తే "ఏందే ఇది, నోట్లో కుక్కేటట్టుండావే" అంటుంది. డబ్బు వృథా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం కొనమంటారు?

– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

సమాధానం: మీ ఉత్తరంలో నాలుగు మైకుల పేర్లున్నాయి. వాటన్నిటికంటే నాకు పనికొచ్చింది మీ అవ్వ అన్న మాట. నోట్లో కుక్కేటట్టున్నావే అనే మనిషి ముందు బెత్తెడు దూరంలో మైకు పెట్టలేం. పెట్టినా పాడదు. పాడినా అది ఆమె పాటలా ఉండదు. అక్కడికే మీ జాబితాలో ఒక పేరు కొట్టేయొచ్చు.

మైకు కొనేవాళ్లు కంపెనీ చూస్తారు, ధర చూస్తారు, వీడియోలు చూస్తారు. దూరం మాత్రం కొలవరు. పాడే నోటికీ మైకుకీ మధ్య ఎంత జాగా ఉంటుందో ముందు తేలాలి. అది తేలాకే ఏ మైకు, ఏ ఇంటర్‌ఫేస్ అన్న మాట వస్తుంది. మీ ఇంట్లో రెండు దూరాలున్నాయి. అవ్వకు కనీసం మూరెడు కావాలి. కథ చదివేటప్పుడు మీకు జానెడు చాలు. ఎస్‌ఎం7బీ లాంటి మైకు బాగా పలికే దూరం మూడోది, బెత్తెడు.

జానకు రెట్టింపు మూర. దూరం రెట్టింపైతే నోటి నుంచి నేరుగా మైకును చేరే శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది, అంటే మైకు పంపే వోల్టేజీ సగమవుతుంది. గది మోత మాత్రం తగ్గదు. గోడలకూ పైకప్పుకూ తగిలి తిరిగి వచ్చే శబ్దం గదిలో ఎక్కడ నిలబడినా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. మైకు వెనక్కి జరిగేకొద్దీ పాట చిన్నదవుతుంది, గది ఉన్నంతే ఉంటుంది. బావిలోంచి పాడినట్టు వచ్చే రికార్డింగులన్నిటికీ కారణం ఇదే. మైకు మంచిది కాదని జనం తిట్టుకుంటారు గానీ చాలాసార్లు దాని తప్పేమీ ఉండదు.

ఇప్పుడు మీ అన్న, అదే మీ చిన్నాయన కొడుకు చెప్పిన మాట చూద్దాం. డైనమిక్ మైకు గది శబ్దం తీసుకోదు అనేది సగం నిజం. డైనమిక్ మైకుకు సున్నితత్వం తక్కువ కాబట్టి గదిని తక్కువగా పట్టుకుంటుంది, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ పాటను కూడా అంతే తక్కువగా పట్టుకుంటుంది. పాట వినపడాలని గెయిన్, అంటే ఇంటర్‌ఫేస్‌లో శబ్దాన్ని పెంచే మోతాదు పెంచితే దాంతోపాటు గదీ పెరుగుతుంది. రేడియోలో, పాడ్‌కాస్టుల్లో డైనమిక్ మైకులు గది లేనట్టు పలకడానికి అసలు కారణం వాళ్లు నోటిని మైకుకు దాదాపు ఆనించి మాట్లాడటం. అదే మైకును మూరెడు దూరం జరిపితే ఆ సుఖం పోతుంది. మీ అన్న బెంగళూరులో తన గదిలో, తన నోటితో, తన బల్ల దగ్గర పరీక్షించి చెప్పి ఉంటాడు. ఆయనకది నిజమే. అవ్వకు కాదు.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. కొన్నేళ్ల కిందట జమ్మలమడుగు వైపు ఒక పల్లెలో ఒక తాత తత్వాలు పాడుతుంటే డైనమిక్ మైకు స్టాండుకు బిగించి ముందు పెట్టాను. ఆయన పల్లవి మైకులో పాడేవాడు. చరణం వచ్చేసరికి కళ్లు మూసుకుని తల ఊపేవాడు, అర్థం చెప్పడానికి పక్కనున్న మనవడి వైపు తిరిగేవాడు. ఇంటికొచ్చి వింటే పల్లవులు పిడుగుల్లా ఉన్నాయి, చరణాలు పక్కింట్లోంచి వచ్చినట్టున్నాయి. సాఫ్ట్‌వేర్‌లో ఎంత సరిచేసినా అతుకులు తెలిసిపోయాయి. బెత్తెడు దూరంలో ఉన్న మనిషి రెండంగుళాలు కదిలితే పెద్ద తేడా వస్తుంది. మూరెడు దూరంలో ఉన్నవాళ్లు అంతే కదిలితే చెవికి పెద్దగా తెలియదు. తల ఊపుతూ పాడేవాళ్లకు దూరమే మేలు.

ఇక అంకెలు. ప్రతి మైకు కాగితం మీదా ‘సెన్సిటివిటీ’ అని ఒక లెక్క ఉంటుంది. 94 డెసిబెల్స్ శబ్దం తగిలితే మైకు ఎన్ని మిల్లీవోల్టులు పంపుతుందో అది చెబుతుంది. ఎస్‌ఎం7బీ 1.12 మిల్లీవోల్టులు పంపుతుంది. ఏటీ2035 పంపేది 22.4. సరిగ్గా ఇరవై రెట్లు. అంటే ఒకే దూరంలో, ఒకే పాటకు, ఎస్‌ఎం7బీని ఏటీ2035 స్థాయికి తేవాలంటే ఇంటర్‌ఫేస్ అదనంగా 26 డెసిబెల్స్ గెయిన్ ఇవ్వాలి. ఎస్‌ఎం7బీ దగ్గరగా మాట్లాడినా 60 డెసిబెల్స్ దాకా గెయిన్ అడుగుతుంది. మూరెడు దూరంలో మెల్లగా పాడే పెద్దావిడకైతే నాబ్ చివరిదాకా తిప్పినా చాలకపోవచ్చు. అప్పుడు పాట వెనక ఇంటర్‌ఫేస్ సొంత ‘స్‌స్‌స్’ బయటికొస్తుంది. దానికి మందుగా మధ్యలో పెట్టే క్లౌడ్‌లిఫ్టర్ లాంటి డబ్బాలు దొరుకుతాయి. అవి మరో 25 డెసిబెల్స్ ఇస్తాయి, వాటికి మళ్లీ వేరే డబ్బు. మైకు ఒక్కటే మీ 35 వేలు మింగేసే చోట ఈ దారి ఎందుకు?

మిగిలిన మూడూ కండెన్సర్లు, అంటే బయటి నుంచి కరెంటు అందుకుని పనిచేసే, సున్నితత్వం ఎక్కువున్న మైకులు. పట్టుకునే స్వరాల పరిధి మూడింటి డబ్బాల మీదా 20 నుంచి 20,000 హెర్ట్జ్ అనే ఉంటుంది. మూడూ ముందువైపు శబ్దాన్ని బాగా, వెనకవైపు శబ్దాన్ని తక్కువగా పట్టుకునే కార్డియాయిడ్ రకమే. మీకు ఒకేలా వినిపించడంలో మీ చెవుల తప్పేం లేదు. పలికే తీరులో ఉన్న తేడా చాలావరకు పై స్వరాల్లో కొంచెం మెరుపు, కొంచెం మెత్తదనం. దాన్ని ఈక్వలైజర్‌తో అటూ ఇటూ జరుపుకోవచ్చు. జరుపుకోలేని తేడా ఒకటుంది, దాన్నే చూడాలి.

మైకు లోపలి ఎలక్ట్రానిక్స్ పుట్టించే సన్నటి మోతను సెల్ఫ్ నాయిస్ అంటారు. ఏటీ2020కి అది 20 డెసిబెల్స్. ఏటీ2035కి 12. కొత్తగా వస్తున్న ఐదో తరం ఎన్‌టీ1కి 4. దగ్గరగా, గట్టిగా పాడేవాళ్లకు ఈ మూడింట్లో ఏదైనా ఒకటే. మీ అవ్వ మూరెడు దూరంలో కూర్చుని, ఊపిరి అందక కొన్ని చరణాలు గొణిగినట్టు పాడొచ్చు, అక్కడ దొరుకుతుంది తేడా. ఆ చరణాన్ని తర్వాత పెంచినప్పుడు 20 డెసిబెల్స్ మైకు హిస్ కూడా పైకి తేలుతుంది.

మరి 4 ఉన్నదే కొనాలా అంటే, అక్కర్లేదు. ఊరు పడుకున్నాక కూడా మామూలు ఇంటి గది 25, 30 డెసిబెల్స్ కిందికి దిగడం కష్టం. ఆ గది మోత ఎక్కువగా కింది స్వరాల్లో గుంయ్‌మంటూ ఉంటుంది, మైకు హిస్ పై స్వరాల్లో ఉంటుంది. అందుకే 20 ఉన్నది ఒక్కోసారి గది మోత మీదుగా కూడా బయటపడుతుంది. 12 ఉన్నది దాదాపు అందులో కలిసిపోతుంది. 12కూ 4కూ మధ్య తేడా వినాలంటే ముందు మీ వీధిలో కుక్కలతో ఒప్పందం చేసుకోవాలి. ఎన్‌టీ1 మంచి మైకు, నా గదిలో వాడుతున్నాను. కానీ మీ గదిలో ఆ తేడా మీద పెట్టే డబ్బును బొంతల మీద పెట్టమంటాను. అది కింద చెబుతాను.

నా మాట ఏటీ2035. డబ్బాలో ఏమొస్తుందో కూడా చూసే ఈ మాట చెబుతున్నాను. ఏటీ2020తో మామూలు క్లిప్పు వస్తుంది. ఏటీ2035తో రబ్బరు తాళ్లతో మైకును వేలాడదీసే షాక్ మౌంట్ వస్తుంది. అవ్వ కాలితో తాళం వేస్తే ఆ దెబ్బ నేల మీదుగా స్టాండులోకి, స్టాండు నుంచి మైకులోకి ‘దబ్ దబ్’మని చేరకుండా అది ఆపుతుంది. ఇంకోటి, ఏటీ2035 మీద 80 హెర్ట్జ్ కింద కోసేసే చిన్న స్విచ్ ఉంది, ఏటీ2020 మీద లేదు. దాన్ని ఆన్‌లోనే ఉంచండి. ఆడవాళ్ల గొంతు ఆ కిందికి వెళ్లదు కాబట్టి పోయేదేం లేదు. లారీల ఉరుము, పక్కింటి మోటారు అదురు చాలావరకు పోతాయి. 10 డెసిబెల్స్ తగ్గించే స్విచ్ ఇంకోటి ఉంటుంది. అది డప్పులు, పలకలు రికార్డు చేసే రోజుకు. ఇప్పుడు ముట్టుకోకండి.

ఆ నలభై వీడియోల గురించి కూడా చెప్పాలి, అవి చూసినందుకు మిమ్మల్ని తప్పుపట్టను. కానీ వాటితో తేల్చుకోవడం కష్టం. ఒక మైకు ఇంకోదానికంటే ఒక డెసిబెల్ గట్టిగా పలికినా మన చెవికి అదే ‘నిండుగా’, ‘స్పష్టంగా’ ఉన్నట్టు తోస్తుంది. మైకు మార్చినప్పుడల్లా మనిషి ఇంకోసారి పాడతాడు, రెండోసారి పాడినప్పుడు గొంతు వేడెక్కి ఉంటుంది. ఆపైన వీడియో సైటు శబ్దాన్ని కుదించేస్తుంది, మనం వినేదేమో ఫోన్ స్పీకర్లో. నిజంగా పోల్చాలంటే రెండు మైకుల తలలు పక్కపక్కన పెట్టి, ఒకే పాటను ఒకేసారి రెండు ట్రాకుల్లో రికార్డు చేయాలి. తర్వాత రెండింటి శబ్దం సమానం చేసి, ఏది ఏదో తెలియకుండా ఇంకెవరితోనైనా ప్లే చేయించుకుని వినాలి. నేను ఇలా చేసినప్పుడు ఖరీదైన మైకును రెండుసార్లు చౌకది అనుకున్నాను. ఈ సంగతి మా ఇంట్లో ఇంకా చెప్పలేదు.

పోలికల సంగతి వచ్చింది కాబట్టి ఒక కవలల జంట గురించి చెబుతాను. షూర్ కంపెనీ 1965లో ఎస్‌ఎం57, 1966లో ఎస్‌ఎం58 తెచ్చింది. రెండింటి లోపలా శబ్దాన్ని పట్టేది యూనిడైన్ 3 రకం క్యాప్సూలే. పెద్ద తేడా మొహం దగ్గర. 58కి గుండ్రటి జాలీ బంతి, లోపల స్పాంజి ఉంటాయి. 57కి చదునైన చిన్న మూతి ఉంటుంది. ఆ బంతి నోటిని క్యాప్సూల్ నుంచి కొంచెం దూరంగా ఉంచుతుంది, ‘ప’, ‘బ’ల గాలిదెబ్బ ఆపుతుంది. ఇక్కడా తేడా తెచ్చింది దూరమే. మన పెళ్లిళ్లలో, గుళ్లల్లో కనిపించే ఆ బంతి మైకు పేరులో ‘ఎస్‌ఎం’ అంటే స్టూడియో మైక్రోఫోన్ అని అర్థం. స్టూడియో కోసం పుట్టింది, ఊరేగింపుల్లో స్థిరపడింది. మీ అవ్వ భజనలో మైకు చేతబట్టి పాడే అలవాటున్న మనిషే అయితే నా సమాధానం మారిపోయేది. ఎస్‌ఎం58 కొని చేతికివ్వమనేవాణ్ని. తల ఎటు తిరిగితే చెయ్యి అటే తిరుగుతుంది. మీ ఊళ్లో తెలిసిన మైక్‌సెట్ వాళ్లుంటే ఒకరోజు అడిగి తెచ్చి ఆమె చేతిలో పెట్టి చూడండి. కొందరు పెద్దవాళ్లు ఎదురుగా పెడితే బిగుసుకుపోతారు, చేతికిస్తే మాత్రం మురిసిపోతారు. అలా అయితే ఏటీ2035 మీ కథలకు మాత్రమే అనుకోండి. ఒకవేళ 58 కొనాల్సి వస్తే బిల్లు ఇచ్చే అధీకృత డీలరు దగ్గరే కొనండి, దానికి నకిలీలు చాలా ఎక్కువ.

ఇంటర్‌ఫేస్ సంగతి త్వరగా తేలిపోతుంది. కండెన్సర్ గట్టిగా పలుకుతుంది కాబట్టి గెయిన్ కోసం ఖరీదైన పెట్టె అక్కర్లేదు. ఫోకస్‌రైట్ కంపెనీ నాలుగో తరం స్కార్లెట్ సోలో 57 డెసిబెల్స్ గెయిన్ ఇస్తుంది, ఏటీ2035కు ధారాళంగా చాలు. అదే వరసలోని 2ఐ2 అయితే 69 ఇస్తుంది, మైకులు రెండు పెట్టుకోవచ్చు. గొంతు ఒక్కసారిగా లేస్తే గెయిన్‌ను తనే తగ్గించే క్లిప్ సేఫ్ అనే సౌకర్యం కూడా దానిలో ఉంది, సోలోలో లేదు. అవ్వతో వంత పాడేవాళ్లు ఎప్పుడూ ఉంటారంటే 2ఐ2 వైపు చూడండి. మూడో తరం 2ఐ2 ఎవరైనా మంచి స్థితిలో అమ్ముతుంటే అదీ చాలు. దానికి 56 డెసిబెల్సే ఉన్నా మీ మైకుకు లోటుండదు. ఇవేవైనా ఎక్స్‌ఎల్‌ఆర్ తీగ ద్వారానే మైకుకు కావలసిన 48 వోల్టుల ఫాంటమ్ పవర్ పంపుతాయి. తీగ పీకే ముందు 48 వోల్టుల బటన్ ఆపి కాసేపు ఆగండి.

ఎన్‌టీ1 ఐదో తరంలో యూఎస్‌బీ కూడా ఉంది కదా, ఇంటర్‌ఫేస్ ఖర్చు మిగులుతుంది కదా అని మీరు అడగొచ్చు. నిజమే. యూఎస్‌బీలో అది 32 బిట్ ఫ్లోట్‌గా రికార్డు చేస్తుంది కాబట్టి అవ్వ గొంతు లేచినా రికార్డింగు పగలదు. కానీ దానికి హెడ్‌ఫోన్ రంధ్రం లేదు. వినాలంటే లాప్‌టాప్ నుంచి ఆలస్యంగా వినాలి. రేపు రెండో మైకు కావాలంటే మళ్లీ ఇంటర్‌ఫేస్ కొనాల్సిందే. అవ్వ ఎప్పుడూ ఒక్కతే పాడుతుంది, ఇంట్లో తీగలు తక్కువుండాలి అంటే ఆ దారి కూడా తప్పేం కాదు. నేనైతే ఇంటర్‌ఫేస్ దారిలో వెళతాను.

ఇప్పుడు గది. మీ ఇల్లు చూడకపోయినా నాకు తెలుసు. కింద కడప బండలు, పైన స్లాబు, నాలుగువైపులా నున్నటి గోడలు. అడుగు పెట్టి చప్పట్లు కొడితే ‘టంగ్’మని వెనక్కి మోగుతుంది. ఎండాకాలంలో ఒంటికి ఆ బండల చల్లదనం ఎంత హాయో, మైకుకు వాటి నునుపు అంత శత్రువు. దీనికి ఫోమ్ ముక్కలు కొనకండి. అంగుళం మందం ఫోమ్ పై స్వరాలను మాత్రమే పీల్చుకుంటుంది, గొంతులోని గాఢమైన భాగం గోడల మధ్య అలాగే తిరుగుతుంది. అప్పుడు పాట డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. పాత చీరలతో కుట్టిన బరువైన బొంతలు, దూది పరుపులు దీనికి చాలా నయం. మన ఆదోని పత్తికి పేరుంది, ఆ దూది పరుపు ఒకటి గోడకు నిలబెట్టారంటే ఆన్‌లైన్లో అమ్మే రంగురంగుల ఫోమ్ దాని ముందు దిగదుడుపే.

బొంత ఎక్కడ కట్టాలన్న దగ్గర అందరూ పొరపాటు పడతారు. మైకు వెనక కడతారు. మైకు తన వెనక వైపు వినదు కదా! అది చూసేది అవ్వ వైపు, ఆమె వెనక గోడ వైపు. కాబట్టి మొదటి బొంత అవ్వ వెనక ఉండాలి. నులక మంచాన్ని నిలబెట్టి దాని మీద రెండు బొంతలు మడతగా వేయండి. గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల సందు వదలండి, ఆ గాలి సందు వల్ల కింది స్వరాలు కూడా కొంత తగ్గుతాయి. రెండోది అవ్వ పక్కన, మూడోది కింద బండల మీద. మైకు వీపు మాత్రం కిటికీ వైపు ఉంచండి. వీధి చప్పుడుకు మైకు చెవిటి వైపు తగులుతుంది. ఇంత చేశాక మళ్లీ చప్పట్లు కొట్టి చూడండి. మోత పూర్తిగా చావకపోయినా పళ్లు రాలిన పాములా ఉంటుంది.

ఫ్యాను ఆపాల్సిందే. మే నెల ప్రొద్దుటూరులో డెబ్బై ఎనిమిదేళ్ల మనిషిని ఫ్యాను లేకుండా కూర్చోబెట్టడం పాపం, అందుకే పగలు పెట్టుకోకండి. తెల్లవారుజామున ఐదు గంటలకు ముందు పెట్టుకోండి. ఒక్కో పాట కాగానే ఫ్యాను వేసి, మంచినీళ్లిచ్చి, మళ్లీ ఆపి ఇంకో పాట. ఫ్రిజ్ స్విచ్ కట్టేస్తే కారు తాళాలో, చెప్పులో దాని మీద పెట్టండి. లేకపోతే మళ్లీ వేయడం మర్చిపోతారు. మా ఇంట్లో ఒకసారి పాలు విరిగాయి. మేము కడపలో ఏడురోడ్ల సర్కిల్‌కు దగ్గర్లో ఉంటాం. మాకు రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు దాకా తప్ప గది దొరకదు, మీకు అంత కష్టం ఉండదనుకుంటా.

రికార్డు చేసేటప్పుడు లాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడపండి. చాలా ఇళ్లల్లో ఎర్తింగ్ పేరుకే ఉంటుంది. మన సీమ నేల ఎండాకాలంలో ఎండిపోయి ఎర్త్ గుంత ఇంకా బలహీనమవుతుంది. అప్పుడు చార్జర్ ద్వారా సన్నటి ‘జీ’ శబ్దం రికార్డింగులోకి దిగుతుంది. లాప్‌టాప్ రేకు ముట్టుకుంటే ఆ శబ్దం తగ్గుతోందంటే దొంగ దొరికినట్టే. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడైతే రికార్డింగు పెట్టుకోవద్దు. చౌక ఇన్వర్టర్ల కరెంటు చెవికి తెలియని చోట్ల కూడా బుర్రుమంటుంది.

హెడ్‌ఫోన్స్ చెవులు పూర్తిగా మూసే రకం తీసుకోండి, ఏటీహెచ్-ఎం20ఎక్స్ చాలు. అవి మీకే, అవ్వకు పెట్టకండి. స్పీకర్లు ఇప్పుడొద్దు. స్టాండులో మాత్రం పిసినారితనం చేయకండి. బల్లకు బిగించే తేలికపాటి చేతి స్టాండులు ఈ మైకు బరువుకు మెల్లగా వంగిపోతాయి. నేల మీద నిలిచే బూమ్ స్టాండు కొని, మైకును అవ్వ మొహానికి ఎదురుగా కాకుండా కొంచెం పైన, నుదుటి ఎత్తులో, కిందికి వంచి పెట్టండి. ఆమె చూపుకు అడ్డం రాదు, ఊపిరి గాలి నేరుగా తగలదు. ఎదురుగా మీరు కూర్చుని వినండి. మైకుకు కాదు, మీకు పాడాలి ఆమె.

మీరు కథ చదివేటప్పుడు అదే మైకును జానెడు దూరానికి తెచ్చుకుని, మధ్యలో ‘ప’, ‘బ’ల గాలిదెబ్బ ఆపే పాప్ ఫిల్టర్ పెట్టుకోండి. అప్పుడు గెయిన్ తగ్గించాలని మర్చిపోవద్దు. దగ్గరికి వస్తే గొంతులో కింది స్వరాల బరువు కూడా పెరుగుతుంది, కార్డియాయిడ్ మైకుల గుణమది. కొంచెమైతే అందం, ఎక్కువైతే కథ చెప్పే రాక్షసుడి గొంతు. ఆడియో పుస్తకాలకు ఏసీఎక్స్ (ఆడిబుల్ వాళ్ల వేదిక) వాళ్లు పెట్టిన లెక్క మీకు కొలబద్దగా పనికొస్తుంది: సగటు శబ్దం -23కూ -18కీ మధ్య, పై అంచు -3 దాటకుండా, మాటల మధ్య నిశ్శబ్దం -60 డెసిబెల్స్ కంటే కింద. మీ గది ఆ -60 కిందికి దిగగలిగితే గది పని అయిపోయినట్టే.

అన్నిటినీ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో, వేవ్ ఫైలుగా దాచండి. అవ్వ గట్టిగా పాడిన చోట మీటరు -12 దగ్గర ఆగేలా గెయిన్ పెట్టండి, అంతకంటే ఆశ పడొద్దు. గంటకు సుమారు 520 ఎంబీ అవుతుంది. వంద పాటలైనా ఒక మామూలు హార్డ్ డిస్కులో మూలకు పడి ఉంటాయి. రెండు కాపీలు వేర్వేరు ఇళ్లల్లో ఉంచండి, ఒకటి మీ అన్న దగ్గర పెడితే ఆయన కూడా సంతోషిస్తాడు. సాఫ్ట్‌వేరుకు డబ్బు ఖర్చు చేయొద్దు, ఉచితంగా దొరికే ఆడాసిటీ చాలు.

మైకు, సోలో, స్టాండు, తీగ, హెడ్‌ఫోన్స్ కలిపి మీ 35 వేలకు కాస్త అటూ ఇటూగా వస్తాయి. ఎక్కువైతే హెడ్‌ఫోన్స్‌లో తగ్గించుకోండి. పార్శిల్ వచ్చేలోపు ఊరికే ఉండకండి. ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, దిండు మీద, అవ్వకు కనిపించకుండా మూరెడు దూరంలో ఉంచి రోజుకు రెండు పాటలు తీయండి. ముందు ఆమెకు ఒకమాట చెప్పే తీయాలి సుమా. ఏ పాటకు ఎన్ని చరణాలో, ఎక్కడ మర్చిపోతుందో దాంతో తెలుస్తుంది. తెల్లవారుజాము పని సగం తగ్గుతుంది.

ఒక్క సంగతి మిగిలింది. మైకు వచ్చాక దాని కొన వైపు పాడించకండి. ఎస్‌ఎం58లో పాడినట్టు వీటి తల మీద నోరు పెట్టి పాడకూడదు, ఇవి పక్కనుంచి వింటాయి. ఏటీ2035కు కంపెనీ గుర్తు ఉన్న వైపు ముందు. ఎన్‌టీ1కి బంగారు చుక్క ఉన్న వైపు. నేను మొదటి కండెన్సర్ కొన్న వారం ఒక బుర్రకథను రెండున్నర గంటలు రికార్డు చేశాను. కథకుడి గొంతు ఎక్కడో వెనక వినపడుతోంది, వాకిట్లో కూర్చున్న ముసలాయన తమలపాకు నమిలిన చప్పుడు మాత్రం అద్భుతంగా వచ్చింది. అమ్మిన షాపు మీద వారం రోజులు కోపంగా ఉన్నాను. తర్వాత డబ్బాలోని కాగితం చదివాను.